రామమందిరంలో వట్టిమోత

చెరకు పండే ఆ దూరదీవుల్లో, లౌటోకా రేవుకు వెళ్లే దారిలో, ఒక బట్టల దుకాణం మేడమీద కాంత తన పరిశోధన కార్యాలయం నడుపుతూ ఉండేది. ఆ దీవులకు స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఏళ్లు దాటిన కాలమది. ఆమె అంతకుముందు చాలాకాలం బీమా సంస్థలో పనిచేసింది. నష్టపోయామని వచ్చేవారి మాటల్లో నిజమెంతో తేల్చడం అక్కడ ఆమె ఉద్యోగం. అబద్ధం ఎన్ని రంగుల చీరలు కడుతుందో చూసి చూసి, చివరకు సొంతంగా ఈ పని పెట్టుకున్నది. ఆమెకు సహాయకుడు సుందర్. టాక్సీ నడుపుకుంటాడు, పిలిస్తే పరిశోధనకు వస్తాడు. కాంత ఒక మాట అడిగితే దాని వెనుక మరొక మాట దాగి ఉంటుందని అతడు దృఢంగా నమ్ముతాడు. ఆ వెనుక మాట తనకు ముందుగా తట్టిన రోజు మాత్రం ఇంతవరకు రాలేదు.

ఆ సోమవారం ఉదయం మెట్లెక్కి వచ్చిన యువతి కుర్చీ అంచున కూర్చుని, తెల్లని చీర కొంగును వేళ్లకు చుట్టుకున్నది.

"మా నాయన్ని సాయంత్రం పోలీసులకు ఇచ్చేస్తారంట, బహినీ," అన్నది, అక్కా అని పిలిచే ఆ ఊరి హిందీ మాటతో.

ఆమె పేరు అమ్మణి. తండ్రి మున్సామి ద్రాసా వెళ్లే దారిలో ఉన్న రామమందిరానికి కావలివాడు. ఓడల్లో వచ్చి చెరకు తోటల్లో చెమటోడ్చిన తొలితరం ఆడవాళ్లు దాచుకున్న బంగారు సవరన్లతో చేయించిన కాసులపేరు ఒకటి ఆ మందిరంలో సీతమ్మవారి మెడలో ఉండేది. ఆ ఉదయం పూజారి తెర తీసేసరికి అమ్మవారి మెడ బోసిగా ఉంది.

"తాళం పగిలిందా?" కాంత అడిగింది.

"లేదు. అదే మా ఖర్మ. తాళంచెవులు రెండే. ఒకటి సెక్రటరీ రామ్ నారాయణ బాబు దగ్గర, ఒకటి మా నాయన మొలలో. ఆ చెవి కూడా పొద్దున్నే లాగేసుకున్నారు. ముసలాయన మొల తడుముకుంటా కూర్చున్నాడు."

"మందిరంలో అలారం ఉండాలి కదా?"

"ఉంది. నోరు కట్టేశారు. ఊరికే మోగేది బహినీ. తలుపేసి పోయినాక మోగుద్ది, పోలీసు కారు వస్తది, లోపల చూస్తే ఎవరూ ఉండరు. నగరసభ వాళ్లు విసిగిపోయి, బాగుచేసేదాకా మోగొద్దని చెప్పి ఆపేశారు. అది ఆగిన వారంలోనే నగ పోయింది."

"సెక్రటరీ ఎట్లాంటి మనిషి?"

అమ్మణి ముఖం కొంచెం తేటపడింది. "దేవుడులాంటోడు. మోగినప్పుడల్లా ఆయనే పరుగెత్తుకొని వచ్చేటోడు. నాయన్ని ఒక్క మాట అనలే. లోపలికి పోయి మోత ఆపి, అమ్మవారి దగ్గరనుంచి వేడివేడిగా పొంగలి తెచ్చి నాయన చేతిలో పెట్టేటోడు. నాయన ఇప్పుడు అదే తలుచుకొని ఏడుస్తాడు. అంత మంచోడు కూడా నన్ను నమ్మలేదే అని."

"ఊరికే ఎందుకు మోగిందంటారు?"

"చెరకు మిల్లు పొగగొట్టం మసి లోపల పడి అంటారు. అలారం బిగించిన ధర్మేంద్ర భయ్యా కూడా అదే అన్నాడు."

కాంత ఆమె కొంగు వైపు చూసింది. "చీర మల్లెపూవులా ఉంది. ఎక్కడ ఆరేశావు?"

"పెరట్లో. మా ఇల్లు మందిరం వెనకాలే. మిల్లులో ఏదో మెషిన్ చెడి ఆగిపోయింది కదా, అప్పటినుంచి బయటే ఆరేస్తన్నాం. మోతలు కూడా ఆ దినాల్లోనే..."

"నువ్వు ఇంటికి వెళ్లి ఒక పని చెయ్యి. పెసరపప్పు, బియ్యం కడిగి సిద్ధంగా ఉంచు. నేను కబురు పెట్టినప్పుడు పొంగలి వండాలి," అన్నది కాంత.

పక్కన నిలబడి వింటున్న సుందర్ ఆశ్చర్యపోయాడు గాని, అలవాటు చొప్పున కారు తాళంచెవి అందుకున్నాడు.

వారు మొదట వెళ్లినది నగరసభ కార్యాలయానికి. అలారంల అనుమతులు చూసే ఉద్యోగిని విమ్లా, పనిలో నిక్కచ్చి అయిన మనిషి. ఆమె హిందీలో చెప్పిన దాని సారాంశమిది: పట్టణంలో ప్రతి అలారమూ నమోదు కావాలి. అది మోగినప్పుడల్లా వచ్చి తలుపు తీసేందుకు ఒక బాధ్యుడి పేరు ఇవ్వాలి. ఒకే అలారం మూడుమార్లు వట్టిగా మోగితే ఆపైన పోలీసు కారు రాదు. బిగించినవాడు వచ్చి, విప్పి చూసి, దోషం లేదని పూచీపడేవరకు దానిని ఆపి ఉంచాలి.

"కఠినమని అందరూ తిడతారు," అన్నది విమ్లా. "కానీ కారు వట్టిమోతకు ఇటు పరుగెత్తితే, నిజంగా దొంగ పడిన ఇల్లు అటు ఒంటరిదవుతుంది."

"నాన్నా పులి కథ," అన్నాడు సుందర్.

"ఆ కథలో వట్టికేక వేసింది గొర్రెలు నమ్ముకున్న పిల్లవాడే," అన్నది కాంత. "మందిరం తరఫున బాధ్యుడెవరు?"

"రామ్ నారాయణ గారొక్కరే. ఆపే అంకెలు కూడా ఆయనకే తెలుసు. ఈ నియమం పెట్టేముందు అందరినీ పిలిచి వివరించాం. ముందువరుసలో కూర్చుని శ్రద్ధగా విన్నవారు ఆయనే."

కాంత ఆమెతో కొంతసేపు వేరుగా మాటలాడి వచ్చింది.

మందిరం చిన్నదే. ముందు వరండా, తలుపు దాటితే హాలు, హాలు చివర గర్భగుడి. హాలులో ఒక లావుపాటి స్తంభం; దాని వెనుక గోడకు పూజాసామగ్రి పెట్టుకునే అరుగు; ఆ అరుగుకు తిన్నగా పైన అలారం కన్ను. ధర్మేంద్ర నిచ్చెన వేసుకుని ఆ కన్ను విప్పి చూస్తున్నాడు.

"మసి ఉన్నదా, తమ్ముడూ?" కాంత అడిగింది.

"లేదక్కా. అద్దంలా ఉంది," అతడు సిగ్గుపడ్డాడు. "ఈ ఊళ్లో ఏది చెడినా మసి అనేస్తాం. విప్పి చూడకుండానే అనేశాను."

"ఇది దేన్ని చూస్తుంది? మనిషినా?"

"మనిషిని కాదు, వేడిని. గది చల్లగా ఉండి, ఎదురుగా వెచ్చనిది ఏదన్నా కదిలితే మోగుతుంది. మనిషి ఒళ్లు వెచ్చన కదా."

కాంత అరుగు దగ్గర వంగి చూసింది. పైన గోడ సున్నం బొబ్బలెక్కి ఉంది. అరుగుమీద గుండ్రని మరక. ఒక మూలన, కమిలి నల్లబడిన అరటియాకు పేలిక ఒకటి అంటుకుని ఉంది. ఆమె ఆ పేలికను సుందర్ చేతిలో పెట్టి, వృద్ధుడైన పూజారి గోవిందస్వామి వైపు తిరిగింది.

"తాతా, సాయంత్రం స్వామికి నైవేద్యం ఏమిటి?"

"పళ్లు, పాలు, తల్లీ. తుఫానులో వంటశాల కప్పు ఎగిరిపోయింది. అప్పటినుంచి ఇక్కడ పొయ్యి రాజెయ్యలేదు."

"ఆ కాసులపేరు ఎవరిచ్చినది?"

"చాలామంది చేతులు పడ్డాయి. సగానికి పైగా సవరన్లు మాత్రం మునెమ్మవి. మా సెక్రటరీకి అవ్వ. మెడలోని సవరన్లు విప్పి అమ్మవారికి ఇచ్చింది; నేను చిన్నవాణ్ణి, చూశాను."

వరండా మెట్టుమీద మున్సామి కూర్చుని ఉన్నాడు. పెద్ద మనిషి, పలకరిస్తే లేచి నిలబడ్డాడు.

"తాతా, పొంగలి పెట్టేవారట కదా సెక్రటరీగారు. బాగుండేదా?"

"అబద్ధమెందుకు, చాలా బాగుండేది. నోరు కాలేది. ఊదుకొని తినేటోణ్ణి."

"ఎప్పుడూ అంత వేడిగానేనా?"

"మోగిన ప్రతిసారీ," అన్నాడు మున్సామి. అతడి కుడిచెయ్యి ఖాళీ మొలను తడుముతూనే ఉంది.

మధ్యాహ్నం ఎండ వాలేవేళకు అందరూ వరండాలో చేరారు. మందిరం సంఘం పెద్దలు చాపలమీద, విమ్లా కుర్చీలో, మున్సామి కూతురి పక్కన. రామ్ నారాయణ తెల్లని చొక్కా, నుదుట తిరుచూర్ణంతో నిండుగా వచ్చి కూర్చున్నాడు. అతడు రాకమునుపే సుందర్, కాంత చెప్పినట్టు, అమ్మణి వండిన పొంగలి గిన్నెను స్తంభం వెనుక అరుగుమీద పెట్టి వచ్చాడు. ఎందుకో అతడికి తెలియదు.

"ధర్మేంద్ర అలారం బాగుందన్నాడు," అన్నది కాంత. "విమ్లాగారు ఒక్కసారి పరీక్షకు అనుమతి ఇచ్చారు. రామ్ నారాయణన్నా, తలుపు వేసి, మీ చేత్తోనే అలారం పెట్టండి."

రామ్ నారాయణ తలుపు పక్కనున్న మీటలు నొక్కి, తాళం వేసి వచ్చి కూర్చున్నాడు. "మసి లేకపోతే మోగదమ్మా. కాని ఇప్పుడు బాగుచేసి ఏం లాభం? పోవలసింది పోయె."

"అలారం పనిచేస్తూ ఉన్నప్పుడు నగ పోయి ఉంటే ఎవరిని అనుమానిస్తాం?" కాంత నింపాదిగా మొదలుపెట్టింది. "మోత ఆపే అంకెలు తెలిసినవారిని. అటువంటివారు ఒక్కరే. అలారం ఆగి ఉంటే? తాళంచెవి ఉన్న ఎవరినైనా. అంటే మున్సామి తాతను కూడా. కాబట్టి నగ తీయదలచినవాడికి ముందుగా కావలసింది అలారం ఆగడం. తనంతట తానే ఆపితే మాట వస్తుంది. నగరసభే ఆపిస్తే రాదు."

"మసికి అంత తెలివి ఉందంటావా?" ఒక పెద్దాయన నవ్వాడు.

"మిల్లు ఆగి ఉన్న రోజుల్లో మసి ఎక్కడిది, మామా? మీ ఇంట్లో బట్టలు ఎక్కడ ఆరేశారో అత్తనడగండి."

ఆ మాటకు లేచిన నవ్వులు ఇంకా ముగియకముందే మందిరం లోపల అలారం మోగింది.

మున్సామి అలవాటుగా లేచి నిలబడ్డాడు. రామ్ నారాయణ చెయ్యి జేబులోని తాళంచెవి మీదికి పోయి, అక్కడే ఆగిపోయింది. అతడి నుదుట తిరుచూర్ణం చెమటకు కరగసాగింది.

"తలుపు తీయండన్నా. లోపల ఎవరూ లేరు. మీకు తెలుసు," అన్నది కాంత.

మోత ఆగిన తరువాత ఆమె అందరినీ స్తంభం వెనుకకు తీసుకుపోయింది. గిన్నెమీద తడి అరటియాకు కప్పి ఉంది. వేడికి అది కమిలి, నడుమ కుంగి, చీలిపోయింది. ఆ చీలికలోంచి ఆవిరి నిలువుగా కంటివైపు లేస్తున్నది.

"కొండమీద పొగను చూసి నిప్పు ఉన్నదని తెలుసుకోమన్నారు పెద్దలు. ఇక్కడ పొయ్యే లేదు. అయినా వేడి అన్నం ఉన్నది. ఎవరు తెచ్చారు? ఆకు పచ్చిగా ఉన్నంతసేపు ఆవిరిని పట్టి ఉంచుతుంది. తలుపు వేసుకుని ఇంటికి వెళ్లడానికి ఆ వ్యవధి చాలు. తరువాత మోగుతుంది. అన్నా, బాధ్యుడిగా మొదట లోపలికి వచ్చేది మీరే. పోలీసులు చూసేలోగా గిన్నె మీ చేతిలో ఉంటుంది. మందిరంలో పొంగలి గిన్నెను చూసి ఎవరైనా దండం పెడతారు గాని ప్రశ్న వెయ్యరు."

"కావలివాడికి ప్రసాదం పెట్టినందుకు నేను దొంగనా?" అన్నాడు రామ్ నారాయణ.

"పెట్టినందుకు కాదు. నోరు కాలేటంత వేడిగా పెట్టినందుకు. గిన్నెను కాలువలో ఒంపి ఉంటే నాకు దారి దొరికేది కాదు. కాని స్వామి ఎదుట ఉన్న అన్నం పారబోయడానికి మీకు చెయ్యి రాలేదు. అమ్మవారి మెడలో నగ తీయగలిగారు. ఒక గిన్నెడు మెతుకులు నేలపాలు చేయలేకపోయారు."

రామ్ నారాయణ నేలమీద కూర్చుండిపోయాడు. "అది మా అవ్వది," అన్నాడు. "సంఘాన్ని అడిగాను. ఇచ్చేది లేదన్నారు. అవ్వ మెడలో ఉండిన సొమ్ము అది. మా ఇంట ఉండాల్సింది."

గోవిందస్వామి ముందుకు వచ్చాడు. "నాయనా, మునెమ్మ ఇచ్చేటప్పుడు నేనున్నాను. ఇస్తున్నాను అన్నది, దాచుకోమనలేదు. ఇచ్చినది ఇచ్చినవాళ్లది కాదు. వాళ్ల మనుమలది ఎట్లా అవుతుంది? దానికోసం ఈ ముసలి కావలివాణ్ణి జైలుకు పంపబోయావు."

"నగ ఎక్కడున్నదో నేను అడగను," అన్నది కాంత. "మెతుకు పారబోయలేనివాడు అమ్మవారి బంగారాన్ని కరిగించడు. సుందర్, పూజారిగారిని తీసుకుని సెక్రటరీగారి ఇంటికి వెళ్లు. దేవుడి గదిలో చూడండి."

సుందర్ వెళ్లాడు. ఆ ఇంటి పూజగదిలో, గోడకున్న సీతమ్మవారి పటానికి, బంతిపూల దండ మాటున కాసులపేరు వేలాడుతున్నది. దానికి పసుపు, కుంకుమ కూడా పెట్టి ఉన్నాయి. ఈసారైనా వెనుక మాట తనకు ముందుగా తట్టి ఉండవలసిందని దారి పొడుగునా అతడు చింతించాడు. కాంత పొద్దుననే పొంగలి మాట చెప్పింది మరి.

వారు తిరిగి వచ్చేసరికి రామ్ నారాయణ వరండా చివర ఒంటరిగా కూర్చుని ఉన్నాడు. పోలీసులకు ఫోను తానే చేశానని విమ్లాతో చెప్పాడట. సంఘం పెద్ద ఒకాయన తాళంచెవి తెచ్చి మున్సామికి అందించబోయాడు. మున్సామి అందుకోలేదు.

"అందరి ముందూ లాక్కున్నారు," అన్నాడు. "అందరి ముందూ చెప్పి ఇయ్యండి."

పెద్దాయన గొంతు సవరించుకుని, మున్సామి నిర్దోషి అనీ, తామంతా తొందరపడ్డామనీ, వరండాలో ఉన్నవాళ్లకు వినబడేట్టు చెప్పాడు. అప్పుడు మున్సామి తాళంచెవిని కళ్లకద్దుకుని మొలలో దోపుకున్నాడు.

గోవిందస్వామి నగను అమ్మవారి మెడలో వేసి, అమ్మణి వండిన పొంగలినే నివేదించాడు. హారతి అయ్యాక అందరికీ అరటియాకు ముక్కల్లో పంచుతూ, వరండా చివరి మనిషికి కూడా ఒక ముక్క ఇచ్చి వచ్చాడు. మున్సామి తన వంతు అందుకుని, నోటి దగ్గరకు తీసుకుపోయి ఆగాడు. వేలితో తాకి చూశాడు.

"చల్లారింది," అన్నాడు కూతురితో. "ఇంక తినొచ్చు."