మౌనస్వామికి గొంతిచ్చినవాడు

అమీర్‌పేటలో ఏ సందు తిరిగినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే కనిపించే రోజులవి. చక్రపాణి కాపురం మైత్రీవనం వెనక సందులో, హాస్టల్ పైన అద్దె వాటాలో. పొద్దున్నే పిల్లలు భుజాన సంచులు తగిలించుకుని జావా క్లాసులకి బిలబిలమని పోతుంటే, ఆయన వాళ్ళకి ఎదురు నడుచుకుంటూ డబ్బింగ్ థియేటర్‌కి వెళ్ళేవాడు. ఒకప్పుడు తెనాలిలో నాటకాలాడిన మనిషి. ఇప్పుడు ముఖంతో పనిలేని నటుడు.

డబ్బింగ్ అంటే ఏమిటో కాస్త చెప్పుకోవాలి, లేకపోతే తర్వాత జరిగింది తలకెక్కదు. హిందీ సీరియల్ తెలుగులోకి రావాలంటే, తెర మీద ఆ నటుడు పెదవులు కదుపుతుంటాడు. చీకటి గదిలో మైకు ముందు నిలబడి మన మనిషి ఆ పెదవులకి సరిపడా తెలుగు పలుకుతాడు. పెదవి మూసుకున్న చోట మాట ఆగాలి, తెరుచుకున్న చోట అందుకోవాలి. ఏళ్ళ తరబడి అదే పని చేసినవాడికి ఒక అలవాటు పడిపోతుంది. పెదవి కదిలితే చాలు, బుర్ర ఆలోచించేలోపే నోరు దాని వెంట పోతుంది. బస్సు అద్దం అవతల ఎవరో మాట్లాడుకుంటున్నా చక్రపాణి పెదవులు కదిలేవి. కూతురు సుమశ్రీ అది చూసి, "నాన్నా, ఊరందరికీ ఊరికే డబ్బింగ్ చెప్పకు, రేటు పడిపోతుంది" అని ఆట పట్టించేది.

ఆ సుమశ్రీ పోయింది. ఒరాకిల్ కోర్సు సగంలో ఉండగా జ్వరం వచ్చి, మెదడుకి ఎక్కి, ఆసుపత్రి మంచం మీదే పోయింది. తల్లి రత్నమాల పక్కనే ఉంది. తండ్రి ఆ వేళకి థియేటర్‌లో ఎవరో విలన్‌కి గొంతిస్తున్నాడు. సెల్‌ఫోన్లు కట్టేసి లోపలికి పోవాలని అక్కడ నియమం. బయటికొచ్చి ఫోను తెరిచేసరికి అంతా అయిపోయింది.

ఎవరి నోటో విని రత్నమాల పంజాగుట్టలో మౌనస్వామి మందిరానికి వెళ్ళడం మొదలుపెట్టింది. మందిరమంటే గోపురం, ధ్వజస్తంభం ఊహించుకోవద్దు. చౌరస్తా దాటాక బట్టల షాపు పైన ఒక హాలు, అంతే. బిడ్డల్ని పోగొట్టుకున్నవాళ్ళే ఎక్కువగా వచ్చేవారు. నియమాలు గట్టివి. ఇంట్లో ఏడవకూడదు, కన్నీళ్ళు ఆదివారం దాకా దాచుకుని స్వామి దగ్గరికే తేవాలి. చుట్టపక్కాలతో రాకపోకలు మానుకోవాలి. పోయినవాళ్ళ ఫొటోలు ఇంట్లో ఉంచుకోకూడదు. రత్నమాల కూతురి ఫొటోలన్నీ ఒక పట్టుచీరలో మూటగట్టి ఇచ్చేసింది. గోడలకి మేకులు మిగిలాయి.

చక్రపాణి మొదట్లో విసుక్కున్నాడు. తర్వాత ఆదివారం పూట ఆ గోడల మధ్య ఒక్కడూ కూర్చోలేక తనూ వెళ్ళాడు. వెళ్ళి, అందరితోపాటు ఏడ్చాడు. ప్రాణానికి హాయిగా అనిపించింది. అలాంటి చోట చేరేవాళ్ళని తెలివితక్కువవాళ్ళని అనుకుంటాం గానీ, మనసారా ఏడవడానికి చోటు దొరికితే మనిషి ఇంకేమీ అడగడు.

మందిరం వ్యవహారాలు చూసే హనుమత్ప్రసాద్ ఆయన వృత్తి తెలుసుకుని ఒకరోజు పక్కకి పిలిచాడు. స్వామి మాట్లాడరు గానీ పెదవులు కదుపుతారనీ, ఆ పెదవులకి శబ్దం ఇచ్చేవాళ్ళు కావాలనీ చెప్పాడు.

"మోసమనుకోకండి చక్రపాణి గారూ. సినిమాలో హీరో ఒకడు, గొంతు ఇంకొకడిది. జనం కేసులు పెడుతున్నారా ఏంటి?"

వేదిక వెనక నల్లతెర, దాని వెనక బీరువా అంత గది. అందులో మైకు, కుర్చీ, చిన్న టీవీ. టీవీలో స్వామి ముఖం. ఎవరొస్తారో, ఏం చెప్పాలో హనుమత్ప్రసాద్ పొద్దున్నే చెప్పి పెట్టేవాడు. చక్రపాణి పండు ముసలి గొంతు పెట్టి పలికేవాడు. భార్యకి కూడా చెప్పనని ఒట్టు వేయించుకున్నారు. ఆమె ఆడవాళ్ళ వరసలో కళ్ళు మూసుకుని వింటుండేది. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని చెప్పలేని ఓదార్పు ఆయన ఆ తెర చాటునుంచి చెప్పగలిగాడు. అందుకే ఆ పని వదల్లేకపోయాడు.

ఒక ఆదివారం ముసురు పట్టింది. బయట పగలే గానీ హాల్లో ఎప్పుడూ చీకటే. కిటికీలన్నిటికీ దుప్పట్లు కట్టి, స్వామి ముఖం మీదికి మాత్రం ఒక దీపం పెట్టేవారు. సాంబ్రాణి పొగ. తడిసిన చీరల వాసన. ఎవరో ఒకావిడ మూలుగుతూ ఏడుస్తోంది. రత్నమాల వంతు వచ్చింది. ఓర్చుకో తల్లీ అని చెప్పాలి, అంతవరకే ఆ పూట ఆమెకి.

టీవీలో స్వామి పెదవులు కదిలాయి. ముసలివాడి పెదవుల్లా లేవు. చకచకా... చిన్నగా... చక్రపాణి నోరు వాటి వెంట పోయింది.

"అమ్మా, ఇక టీవీ కట్టెయ్యి. నాన్న గొంతు విన్నాను. చాలు."

పలికేశాక గానీ ఏం పలికాడో ఆయనకి తెలియలేదు. అది ముసలి గొంతు కాదు, తన సొంత గొంతు. తెర సందులోంచి చూస్తే రత్నమాల నవ్వుతోంది. కూతురు పోయాక ఆమె నవ్వడం అదే మొదలు.

అందరూ వెళ్ళాక హనుమత్ప్రసాద్ ఆయన మీద విరుచుకుపడ్డాడు. పెదవులు అలాగే కదిలాయి, నేను పలికాను అంతే అని చక్రపాణి మొత్తుకున్నాడు. స్వామి సైగ చేసి పలక తెప్పించుకున్నాడు. బలపంతో రాశాడు.

"ఒంట్లో బాగాలేక కునుకు తీశాను. పెదవులు కదపలేదు."

చక్రపాణి ఆ క్షణమే మెట్లు దిగి వచ్చేశాడు. మళ్ళీ ఆ తెర వెనక్కి పోనని ఒట్టు పెట్టుకున్నాడు. రత్నమాల మాత్రం ఇంటికి రాలేదు. హాలు పైన ఆడభక్తుల గదులున్నాయి, అక్కడే ఉండిపోయింది. పదే పదే కబురు పెట్టినా దిగిరాలేదు. కూతుర్ని ఎలాగూ దక్కించుకోలేకపోయాడు. ఇప్పుడు ఈ మనిషి కూడా పోతే ఇక ఆ గోడలూ, మేకులూ, తనూ. ఆయన భయమంతా అదే.

చివరికి తనే వెళ్ళాడు. మెట్ల మీద, తలుపు ఓరగా తీసి నిలబడిందామె. లోపలివాళ్ళు వింటారని ఇద్దరూ గుసగుసలే.

"రత్నం, ఆ గొంతు స్వామిది కాదు. నాది."

"తెలుసు."

"తెలుసా?"

"ఇన్నేళ్ళు కాపురం చేశాను. మీరు ముసలాడి గొంతు పెడితే గుర్తుపట్టనా? మొదటిరోజే తెలుసు. పోనీలే, ఇలాగైనా నాతో మాట్లాడుతున్నారని ఊరుకున్నాను."

ఆమె ఇంకాస్త దగ్గరికి వంగింది.

"ఆసుపత్రిలో అది చివరగా ఏమడిగిందో మీకు చెప్పలేదు. నాన్నని పిలవనా అంటే, వద్దమ్మా, పనిలో ఉంటాడు, టీవీ పెట్టు చాలంది. మీ సీరియల్ వస్తోంది. మీరు అందులో ఎవర్నో తిడుతున్నారు. అది వింటూ వింటూ... అలాగే పోయింది. టీవీ కట్టేయడానికి నాకు చేతులు రాలేదండీ. నర్సు వచ్చి కట్టేసింది." ఆమె కొంగుతో నోరు అదుముకుంది. "ఈ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. స్వామికీ చెప్పలేదు. మరి మీ నోట ఎలా వచ్చింది?"

ఆయన ఇంటికి రమ్మని బతిమాలాడు. అది ఇక్కడ పలికింది కాబట్టి తానిక్కడే ఉంటానని చెప్పి, ఆమె నెమ్మదిగా తలుపు వేసేసింది.

తర్వాతి ఆదివారం చక్రపాణి కావాలనే థియేటర్‌లో పని పెట్టుకున్నాడు. అద్దం అవతల బల్ల దగ్గర గిడియన్, అంటే అక్కడ రికార్డింగ్ చేసే కుర్రాడు, కూర్చుని ఉన్నాడు. పని సాఫీగానే సాగుతోంది. మందిరంలో సత్సంగం మొదలయ్యే వేళకి గిడియన్ చెయ్యెత్తి ఆపాడు.

"చక్రపాణన్నా, జర గట్టిగ చెప్పు. పెదాలు కదుల్తున్నయ్ గానీ మీటర్ల ముల్లు లేస్తలేదు."

చక్రపాణి మళ్ళీ చెప్పాడు. చెప్పాననే అనుకున్నాడు. గిడియన్ లోపలికొచ్చి మైకు తట్టి చూశాడు, టకటకమంది. "మైకు మంచిగనే ఉన్నది. నీ గొంతే వస్తలేదు" అని ఆయన మొహంలోకి వింతగా చూసి, మళ్ళీ వెళ్ళి కూర్చున్నాడు.

అప్పుడు చెవులకున్న హెడ్‌ఫోన్లలో... ఫ్యాను తిరుగుతున్న చప్పుడు. చీరల గరగర. ఎవరో మూలుగుతూ ఏడుస్తున్నారు. బాగా దూరంగా, తన గొంతు.

"గీ ఏడ్పు ఏ సీన్ల‌ది అన్నా?" గిడియన్ మాట సన్నబడిపోయింది. "మనం ఏడ్పు రికార్డ్ చెయ్యలే."

చక్రపాణి హెడ్‌ఫోన్లు విసిరేసి బయటికి పరుగెత్తాడు. ఆటోవాడు ఎక్కడికని అడిగితే నోరు తెరిచాడు, గాలి మాత్రమే వచ్చింది. చేత్తో దారి చూపించాడు. ఆదివారం కూడా పంజాగుట్ట రోడ్డు నిండా బళ్ళే. చౌరస్తా ఇవతలే దిగిపోయి, వాహనాల మధ్యనుంచి దూరుకుంటూ పోయి మెట్లెక్కాడు. సగం మెట్లలో ఉండగానే వినిపించింది. తన గొంతు. అచ్చం తనదే.

గుమ్మంలో హనుమత్ప్రసాద్ చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, ఏ క్షణాన పారిపోవాలా అన్నట్టు. లోపల చీకటి. వేదిక మీద దీపం వెలుగులో స్వామి... రెండు చేతులతో తన నోరు గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. ఆయన కళ్ళనుంచి నీళ్ళు కారుతున్నాయి. గొంతు ఆగడం లేదు. నెమ్మదిగా, ముద్దుగా, ఎవరినో జడ వేయమని మారాం చేస్తోంది.

చక్రపాణి తెర లాగాడు. వెనక గదిలో కుర్చీ ఖాళీ. టీవీ కట్టేసి ఉంది. మైకు తీగ పీకేసి చుట్ట చుట్టి మూల పడేశారు.

"అమ్మా," అంది గొంతు, "నాన్న వచ్చాడు. ఇంటికి పోదాం."

అంతే. ఆగిపోయింది. ఆగిన మరుక్షణం చక్రపాణి గొంతులోకి వెచ్చగా ఏదో దిగింది, పాలు మింగినట్టు. రత్నం, పద అన్నాడు. మాట వచ్చింది. ఆమె కొంగు సర్దుకుని, ఎవరి వంకా చూడకుండా ఆయన వెంట నడిచింది.

ఇల్లు మళ్ళీ ఇల్లయింది. రత్నమాల కిటికీలు తెరిచింది, పోపు ఘాటుకి హాస్టల్ పిల్లలు తుమ్మేలా పులిహోర చేసింది, వాళ్ళకి పంచింది కూడా. థియేటర్‌లో గొంతు ఎప్పట్లాగే పలికింది. మందిరం మూతబడిందని, స్వామి ఎటో వెళ్ళిపోయాడని తెలిసింది. పీడ వదిలిందనుకున్నాడు చక్రపాణి. ఒక్కటే ఇబ్బంది. మధ్యాహ్నం భోజనం చేసి కాసేపు నడుం వాల్చి లేస్తే గొంతు మండేది, గంటల తరబడి మాట్లాడినట్టు.

ఒక మధ్యాహ్నం ఎందుకో మెలకువ వచ్చింది. మంచం పక్కన నేల మీద రత్నమాల కూర్చుని ఉంది. చెవి ఆయన నోటి దగ్గర పెట్టి. కళ్ళు తెరిచిన ఆయన్ని చూసి కంగారు పడలేదు. చంటిపిల్లని జోకొట్టినట్టు భుజం తట్టింది.

"పడుకోండి. ఇంకా అయిపోలేదు."

ఆ తర్వాత కొన్నాళ్ళు మధ్యాహ్నాలు ఇంటికి రావడం మానేశాడు. రత్నమాల తిండి మానేసింది. ఖాళీ మంచం వంక చూస్తూ కూర్చునేది. మనిషి చిక్కి సగమైంది. తట్టుకోలేక మళ్ళీ వచ్చి పడుకున్నాడు. తన నిద్రలో కూతురు ఏం మాట్లాడుతుందని ఒకసారి అడిగాడు. మామూలు కబుర్లేనండీ, మీరు అన్నం తిన్నారా అని అడుగుతుంది అని చెప్పిందామె. ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు. కూతురు తన గొంతులోనే ఉంది. ఆ ఇంట్లో దాని మాట వినలేనిది తనొక్కడే.

మరో మధ్యాహ్నం. ఎంత సేపు పడుకున్నా నిద్ర పట్టలేదు. కళ్ళు మూసుకుని కదలకుండా ఉన్నాడు. కింద హాస్టల్లో ఎవరో బట్టలు ఉతుకుతున్నారు. రత్నమాల వచ్చి కూర్చున్న అలికిడి. ఆమె ఊపిరి చెంపకి తగిలింది. ఇవాళ నిరాశపడుతుంది పాపం, అనుకున్నాడు. తన నోరు మూసే ఉంది. పెదవి కదల్లేదు. ఆ సంగతి ఆయనకి బాగా తెలుస్తోంది.

"ఊఁ" అంది రత్నమాల.

కాసేపాగి మళ్ళీ, "ఊఁ... ఊఁ... అవునా తల్లీ?"

గదిలో ఇంకే చప్పుడూ లేదు. ఆమె ఉన్నట్టుండి ఆగింది. ఊపిరి బిగబట్టింది. తర్వాత చాలా చిన్నగా అడిగింది.

"నీ పక్కన ఇంకెవరో ఉన్నారేమిటే? ... ఎవరమ్మా ఆయన? నాన్న గొంతు తనకీ కావాలంటాడేమిటి?"

చక్రపాణి పళ్ళు బిగబట్టాడు. దుప్పటి గుప్పిట్లో నలిగింది. అయినా నెమ్మదిగా... లోపలినుంచి ఎవరో తలుపు తీస్తున్నట్టు... ఆయన నోరు తెరుచుకుంది.