రాములుకు వినపడని అలారం

ప్రొఫెసర్ రామలింగేశ్వరరావు కరోనాతో పోయారని సూరత్ పేపర్లన్నీ రాశాయి. ఢిల్లీలో గూఢచారి సంస్థ చీఫ్ టేబుల్ మీదున్న ల్యాబ్ రిపోర్టు మాత్రం విషప్రయోగమని తేల్చింది.

"ఆయన చేసిన పనేమిటి సార్? క్షిపణులా?" అడిగాడు ఏజెంట్ రోహిత్.

"కాదు. యూనివర్సిటీలో కాగ్నిటివ్ అండ్ లెర్నింగ్ సైన్సెస్ డిపార్ట్‌మెంట్. మెదడు దేన్ని పట్టించుకుంటుంది, దేన్ని వదిలేస్తుంది, అదీ రీసెర్చి. సూరత్ పక్కన హజీరాలో ఓ ఆక్సిజన్ ప్లాంటు ఆపరేటర్ల మీద ప్రయోగాలు చేశాడు. దొంగ అలారాలు పదేపదే మోగిస్తే, అసలుది మోగినా చెవికెక్కదని తేల్చాడు. ఆ డేటా ఓ విదేశీ ముఠా చేతికి చిక్కింది."

 అది 2021 ఏప్రిల్. ఒక్క సిలిండర్ కోసం జనం ముక్కూమొహం తెలియనివాళ్ల కాళ్లు పట్టుకుంటున్న రోజులు.

"లోపల మన మనిషి డాక్టర్ తేజశ్రీ, ఆయన కింద అసిస్టెంట్ ప్రొఫెసర్. కోడ్ చెప్పి కలువు."

మారువేషానికి అంతకంటే అనువైన కాలం లేదు. పీపీఈ సూట్ తొడుక్కుని, మెషీన్లు రిపేరు చేసే మెకానిక్‌గా రోహిత్ క్యాంపస్‌లో అడుగుపెట్టాడు. అతను లోపలికి వెళ్లాడో లేదో, క్యాంపస్‌ని కంటైన్‌మెంట్ జోన్‌గా ప్రకటించి గేట్లకు అడ్డంగా వెదురు బొంగులు కట్టేశారు.

మూడో అంతస్తులో ఎన్95 మాస్కు పైన కాటుక కళ్లు నవ్వాయి. ఖరీదైన సెంటు వాసన శానిటైజర్ని కూడా ఓడించింది.

"క్యాంటీన్ లోచోలో నూనె ఎక్కువైంది," అన్నాడు రోహిత్. లోచో సూరత్ టిఫిన్, ఆ మాటే కోడ్.

"పైన చల్లిన సేవ్ తక్కువైంది," అంది తేజశ్రీ. "రండి. కరోనా వచ్చాక ప్రొఫెసర్ గారు ప్లాంటుకు లింక్ పెట్టుకుని ప్రయోగాలన్నీ ఈ సౌండ్‌ప్రూఫ్ గదిలోంచే చేసేవారు."

రోహిత్ గడప దాటాడు. వెనక బరువైన తలుపు మూసుకుంది.

గోడలోని స్పీకర్ మాట్లాడింది. "సారీ రోహిత్. ఆ రీసెర్చి చేసింది నేను. పేపర్ మీద మొదటి పేరు మాత్రం ఆయనది. ఈ డేటా కొన్నవాళ్లొక్కళ్లే నా పేరు అడిగారు."

"అందుకని చంపేశావా?"

"ఆయనకు అనుమానం వచ్చింది. ఈ లింక్ మీదుగా ప్లాంటుకు రోజూ దొంగ అలారాలు పంపిస్తున్నాను. ఇవాళ అక్కడి మా మనిషి చల్లార్చే నీళ్ల వాల్వు మూసేస్తాడు. కంప్రెసర్ వేడెక్కి పేలుతుంది. అలారం మోగుతుంది, ఎవరూ వినరు. నేను పేషెంట్‌నై అంబులెన్స్‌లో వెళ్లిపోతున్నాను."

స్పీకర్ మూగబోయింది.

గోడల నిండా నల్లటి స్పాంజి. ఫోన్‌కి సిగ్నల్ లేదు. తలుపుని భుజంతో గుద్దితే ఆ చప్పుడు కూడా బయటికి పోలేదు. తన గుండె చప్పుడే తన చెవుల్లో డప్పులా మోగుతోంది. మధ్యలో ఉన్న కుర్చీలోనే ప్రొఫెసర్ ఆఖరిసారి కూర్చుని ఉంటాడని రోహిత్ అనుకున్నాడు.

మానిటర్ వెలుగుతూనే ఉంది. కీబోర్డు లేదు. తెర మీద హజీరా కంట్రోల్ రూమ్, హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఆపరేటర్, కింద 'రాములు, మాతృభాష తెలుగు' అని పేరు. అతని చూపు ఎక్కడుందో చెప్పే పచ్చ చుక్క తెరంతా తిరుగుతోంది. ఎడమ మూల ఎర్ర లైటు కొట్టుకుంటోంది. చుక్క అటు పోవడం లేదు. ఉష్ణోగ్రత గీత పైకి పాకుతోంది.

తన మాట ఆమెకు వినపడిందంటే ఎక్కడో మైకు ఉండాలి. పీపీఈ జిప్పు లాగి షర్టు బటన్‌లో దాచిన బ్లేడు తీసి స్పాంజి కోశాడు. లోపల మైకు దొరికింది. దాని వైరు పీకి, మానిటర్ కింద ప్లాంటుకు పోయే లింక్ బాక్సులో గుచ్చాడు.

"హలో, ఎమర్జెన్సీ. ప్లాంటు ఆపండి."

చుక్క ఎర్ర లైటు వైపు పోలేదు. దొంగ అలారాల్లో అలాంటి గొంతులు రాములు చాలా విన్నాడు.

గీత ఎర్ర గడిలోకి చేరింది. అప్పుడు, ఢిల్లీ నుంచి వస్తూ విమానంలో చదివిన ప్రొఫెసర్ పేపర్లో ఒక వాక్యం తట్టింది: ఎంత గోలలోనైనా మనిషికి తన పేరు వినిపిస్తుంది. రోహిత్ సూరత్‌లోనే పెరిగాడు. తెలుగువాళ్లుండే బమ్రోలి బస్తీ నుంచి వాళ్లింటికి పనికొచ్చే కొమురవ్వ తన కొడుకుని ఎలా పిలిచేదో గుర్తు తెచ్చుకున్నాడు.

"ఓ రాములూ... ఇటు సూడు బిడ్డా."

చుక్క ఎగిరిపడింది. "ఎవరది?" స్పీకర్లో రాములు గొంతు.

"ఎడమ దిక్కు ఎర్ర లైటు సూడు."

"గా లైటు దొంగ అలారం సార్. రోజూ గిట్లనే మోగుతది."

"ఇవాళ నిజం. నీళ్లు బంద్ చేసిన్రు. కంప్రెసర్ ఆపు రాములూ."

"ఆపితే నా నౌకరీ పోతది."

"ఆపకపోతే ఊరు పోతది."

రాములు గేజ్ వైపు చూశాడు. కుర్చీ వెనక్కి పడింది. అతని అరచెయ్యి ఎర్ర బటన్ మీద దిగేసరికి గీత గడి పై అంచును తాకి, వణికి, అక్కడే ఆగింది.

"అమ్మా," అన్నాడు రాములు. 

వాల్వు దగ్గర మనిషిని ప్లాంటు గార్డులు పట్టుకున్నారు. సాయంత్రానికి ట్యాంకర్లు మళ్లీ కదిలాయి. రోహిత్ మైకులో చెప్పగా రాములు చేసిన ఫోన్‌తో క్యాంపస్ సెక్యూరిటీ వచ్చి రోహిత్ గది తలుపు పగలగొట్టింది.

తేజశ్రీ మాత్రం దూరం పోలేదు. పేషెంటునని చెప్పింది కదా, ఆసుపత్రిలో టెస్టు చేశారు. నిజంగానే పాజిటివ్. వార్డు బయట కానిస్టేబుల్ కూర్చున్నాడు.

మర్నాడు రోహిత్‌కి మున్సిపాలిటీ నుంచి ఒకావిడ ఫోన్ చేసింది.

"తేజశ్రీబెన్ కాంటాక్టుల్లో మీరున్నారు భాయ్. ఆవిడ మీకేమవుతారు?"

"శత్రువు."

"అది కాదు భాయ్. హై రిస్కా, లో రిస్కా?"



"హై రిస్కే రాసుకోండి బెన్."