అభినందనలు చెప్పని మాస్టారు

ఆమె ముందుగదిలో కూర్చుని, అప్పుడే చెక్కిన ఇత్తడి రేకును మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. బడిపిల్లలకిచ్చే షీల్డుల మీద అక్షరాలు చెక్కడం ఆ ఇంటి పని. నాన్న చేయి వణకడం మొదలైనప్పటి నుంచి ఉలి ఆమెదే.

గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైంది. తల ఎత్తకుండానే ఎవరో తెలిసింది.

"రండి, నిఘంటువు గారూ!"

ఆ పేరు పెట్టింది ఆమే. బడి మాస్టారు మొదటి షీల్డుకే తగువు పెట్టుకున్నాడు. గెలిచిన పిల్లకని ఆమె 'శుభాకాంక్షలు' అని చెక్కింది.

"పందెం అయిపోయిందండీ. ఇంకా మంచి జరగాలని కోరుకోవడమేంటి? 'అభినందనలు' అనాలి."

"ఏదైతేనేం, మెరిస్తే చాలదూ?"

"చాలదు. అభి అంటే వైపు, ఎదురుగా. నందనం అంటే సంతోషించడం. మనిషికి ఎదురుగా నిలబడి, వాళ్ల గెలుపుకి మనం సంతోషించడమన్నమాట."

ఆమె మూతి ముడుచుకుని కొత్త రేకు మీద మళ్లీ చెక్కింది. ఆ తర్వాత బడిలో పందేలు ఎక్కువయ్యాయో, మాస్టారికి వంకలు ఎక్కువయ్యాయో గానీ, ఆయన రాని వారం లేదు.

ఈరోజు మాత్రం ఉత్త చేతులతో వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీకు సంబంధం కుదిరిందని విన్నాను."

"ఇంకా కుదరలేదు. ఇష్టమైతే కబురు పంపాలి, లేకపోతే ఫోటో వెనక్కివ్వాలి. సాయంత్రంలోగా అమ్మ తేల్చేస్తుంది." ఆమె గుడ్డ ఆపలేదు. "అందుకే వచ్చారా?"

"అభినందనలు చెబుదామని."

"అయితే చెప్పండి."

మాస్టారు గోడకానించిన ఒక షీల్డు అందుకుని, అటూ ఇటూ తిప్పి మళ్లీ పెట్టేశాడు.

"అన్నిసార్లు నాచేత చెక్కించారు, ఒక్కసారి నోటితో అనలేరూ?"

"ఎదురుగా నిలబడటం వరకూ అయిందండీ. సంతోషించడమే నా వల్ల కావట్లేదు."

గుడ్డ ఆగింది.

"ఇన్నాళ్లూ షీల్డులు మోసుకొచ్చే బదులు ఈ ముక్క చెప్పొచ్చుగా?"

"మీరేమంటారోనని..."

"ఏమంటాను? మళ్లీ చెక్కమన్నప్పుడల్లా చెక్కలేదూ? ఇంకెవరైనా అయితే ఉలి విసిరేసేదాన్ని!"

వంటగది గుమ్మంలో అమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఇద్దరూ చూడలేదు. మాస్టారు చటుక్కున గోడవైపు జరిగాడు.

"అమ్మా..." అంది ఆమె.

అమ్మ కూతురి మొహం చూసింది. మాస్టారిని పైనుంచి కిందిదాకా చూసింది. తడిచేతులు తుడుచుకుని, అల్మరా మీద నిలబెట్టిన పెళ్లికొడుకు ఫోటో తీసి, అది వచ్చిన కవర్లోనే పెట్టింది. కవరు చంకలో పెట్టుకుని, చెప్పులేసుకుని వీధిలోకి నడిచింది.