సావిడి దూలం

మా గొడ్ల సావిడిలో ఇప్పుడు గొడ్లు లేవు. రెండు గదులు, ఏసీ, గీజరు, వరండాలో ఉయ్యాల బల్ల ఉన్నాయి. కోడూరు దాటి సముద్రం చూడ్డానికి వచ్చేవాళ్ళకి అద్దెకిస్తాను. వాళ్ళకి పాతదనం కావాలి, పాత బాత్రూం మాత్రం వద్దు. అందుకని పైన రేకులేసి, వాటి మీద తాటాకు కప్పించాను. తాటి దూలాన్ని మాత్రం కదపలేదు. దాని కింద నిలబడి ఫొటో దిగనివాళ్ళు లేరు.

అద్దెకివ్వడం తేలికే, నిలబెట్టుకోవడమే చావు. చుట్టూ రొయ్యల చెరువులు, నేలంతా ఉప్పు. ఈ గోడకి సున్నం వేసి ఆ గోడ దగ్గరికి వెళ్ళేలోపు ఇది పొక్కులు లేస్తుంది. మేకులు ముట్టుకుంటే పొడైపోతాయి. మోటారు, కుళాయిలు, తలుపు బందులు, ఏదీ ఏడాది తిరగదు. పానా పట్టుకోవడం నా అంతట నేనే నేర్చుకున్నాను. కప్పు కప్పడం జకరయ్య మావయ్య నేర్పాడు. చుట్టం కాదు, ఊళ్ళో ఇళ్ళు కప్పే పెద్దాయన. "పైకెక్కుతావేంటే దయామణీ, పడితే ఎవరు చూస్తారు" అంటూనే నిచ్చెన పట్టుకుంటాడు.

ఈ సావిడి ఒకప్పుడు ఊళ్ళో ఆసామి పిచ్చేశ్వరరావు గారిది. మా తాత ఇందులో పాలేరు. తాత పేడ ఎత్తిన చోటుని నేను కొనుక్కున్నానని ఊళ్ళో కొందరికి కడుపుమంట. మా అక్క భర్త శామ్యూల్ రాజ్ బావ అయితే, దీన్ని కూలగొట్టి చెరువు తవ్వేద్దామని కనపడినప్పుడల్లా పోరు. "పిల్లలు పోయిన చోటది. ఒక్క గెస్టు భయపడ్డాడంటే ఇంకెవరూ రారు" అంటాడు. అదీ నిజమే. ఒక్కళ్ళు జడుసుకుని నలుగురికీ చెప్తే నా బతుకుతెరువు పోయినట్టే. నాకున్నది ఇదొక్కటే. వదలను.

పోయిన పిల్లల సంగతి చెప్పాలి. డెబ్భై ఏడు ఉప్పెన రోజున తాత బందరులో చిక్కుకుపోయాడు. నీళ్ళు సావిడిలోకి వస్తుంటే మామ్మ, అంటే మా నాన్నని కన్నతల్లి, గొడ్ల పలుపులు కోసి వాటిని వదిలేసింది. తుఫానంటే ఇక్కడ ఎవరైనా ముందు చేసే పని అదే. మెడన తాడు లేకపోతే ఈదుకుని ఎక్కడో ఒడ్డెక్కుతాయి. అవే పలుపులతో పిల్లల్ని దూలానికి కట్టింది, కొట్టుకుపోకూడదని. గొడ్లని విప్పి, పిల్లల్ని కట్టింది. నీళ్ళు దూలం దాటిపోయాయి. మామ్మా పోయింది, పిల్లలూ పోయారు. మా నాన్న ఒక్కడే ముడి ఊడదీసుకుని, కప్పులోంచి దూరి, వెనకున్న తాటిచెట్టు పట్టుకున్నాడు. మామ్మది ఎడమచేతి వాటం. ఆవిడ ముడి అందరి ముడికీ ఎదురు తిరిగి ఉంటుంది. ఆ ముడి విప్పడం తెలుసు కాబట్టి బతికానని నాన్న చెప్పేవాడు. అంతకు మించి ఎప్పుడూ చెప్పలేదు.

సావిడి బాగు చేయించినప్పటినుంచీ ఒక చిత్రం జరిగేది. వాయుగుండం పడిందంటే చాలు, లోపల విడిగా వదిలేసిన వస్తువేదో దూలానికి కట్టి ఉండేది. ఒకసారి పానా. ఒకసారి చీపురు. ఇంకోసారి ఎవరో మర్చిపోయిన బొమ్మ. పాత పలుపు, తడిగా. ముడి మాత్రం ఎదురు. కోసి పొయ్యిలో పడేసేదాన్ని. ఎవరికీ చెప్పలేదు, చెప్తే బావ చెవిన పడుతుందని.

పోయిన నవంబరులో గుడివాడ నుంచి ప్రియ గారని ఒకావిడ కూతుర్ని తీసుకుని వచ్చింది. హర్షిణి, ఇంకా బళ్ళో వెయ్యని పిల్ల. వాళ్ళు దిగిన మర్నాడే ముసురు పట్టింది. మధ్యాహ్నానికి గాలి లేచి ఒక రేకు వదులై గది కారడం మొదలైంది. నేనూ మావయ్యా టార్పాలిన్ పట్టుకుని వెళ్ళాం. ఆయన్ని కప్పు మీదికి ఎక్కించి, అదే నిచ్చెన లోపలికి తెచ్చుకుని నేనెక్కాను. కరెంటు పోయింది. ఇంకా పొద్దుగూకలేదు గానీ గదిలో చీకటి.

ముందు వాసన వచ్చింది. తడిసిన గొడ్ల వాసన, పేడ, ముక్కిన గడ్డి... ఆ నేల మీద టైల్స్ పరిపించింది నేనే. తర్వాత ఉప్పునీటి వాసన. చెరువుది కాదు, సముద్రానిది. తర్వాత చప్పుడు. చెక్క మీద తాడు ఒరుసుకుంటున్న చప్పుడు. ఆగింది... మళ్ళీ మొదలైంది...

"దయామణి గారూ," కింద ప్రియ గారి గొంతు. "పాప మీ దగ్గరుందాండీ?"

"లేదండీ."

"ఇప్పుడే ఇక్కడే ఆడుకుంటోంది..."

ఫోను లైటు పైకి తిప్పాను.

పిల్ల దూలం మీద కూర్చుని ఉంది. ఉన్న ఒక్క నిచ్చెనా నా కాళ్ళ కింద ఉంది. చంకల కిందుగా పలుపు చుట్టి, దూలానికి కట్టి ఉంది. ఏడవడం లేదు. పెదాల మీద వేలు పెట్టుకుంది.

"మామ్మ కదలొద్దంది," అంది గుసగుసగా.

ప్రియ గారు కింద కూలబడింది. నాకు చాలా భయమేసింది. నా సావిడిలో నేను భయపడటమేంటని దాని వెనకే కోపం కూడా వచ్చింది. నడుముకున్న కొడవలి తీసి పైమెట్టు ఎక్కాను.

తాడు బిగుస్తోంది. నా కళ్ళ ముందే... మెల్లగా... పిల్ల ఊపిరి చిన్నదవుతోంది. కొడవలి పెట్టి లాగాను. తెగలేదు. నా మణికట్టు మీద చల్లటి వేళ్ళు పడ్డాయి. చెయ్యి కనపడలేదు. వేళ్ళు తెలుస్తున్నాయి. తడిగా ఏదో నా చేతికి చుట్టుకుంటోంది...

చెవి పక్కన గొంతు. "నీళ్ళొస్తున్నాయి... నీళ్ళొస్తున్నాయి..."

"రావట్లేదు," అన్నాను.

చుట్టుకుంటున్నది ఆగింది.

"మామ్మా, నేను నీ కొడుకు కూతుర్ని. ఇది వాన. నీళ్ళు రావట్లేదు. ఈ పిల్ల నీ పిల్ల కాదు, దీని తల్లి కింద ఉంది. నువ్వు కట్టినోళ్ళందరూ పోయారు. విప్పుకున్నోడొక్కడే బతికాడు, తాటిచెట్టెక్కి బతికాడు. ఇంకెవర్నీ ఈ దూలానికి కట్టనివ్వను. సావిడి నాది. ఉంటే ఉండు, కట్టావంటే దూలం నరికిస్తా."

చీకట్లో ఎవరో ఊపిరి లోపలికి పీల్చుకున్నారు.

"చెట్టెక్కాడా..."

తాడు వదులైంది. కోసేశాను. పిల్లని ఒక చేత్తో పట్టుకుని దిగాను. ప్రియ గారు ఆ వానలోనే సామాను కారులో పడేసుకుంది. స్టీరింగు ముందు కూర్చుని, "ఎవరికీ చెప్పనండీ, చెప్పినా నమ్మరు," అంది. "మీరు కూడా ఇక్కడ ఉండకండి."

"నేను ఎక్కడికీ వెళ్ళనండీ," అన్నాను.

వాయుగుండం ఇటు రాకుండానే నీరసించిపోయింది. ఆ తర్వాత దూలానికి ఏదీ కట్టి కనపడలేదు. రేకు మార్పించాను, గోడలకి మళ్ళీ సున్నం కొట్టాను. క్రిస్మస్ సెలవులకి గదులు ఒక్క రోజు కూడా ఖాళీగా లేవు. బావ వస్తే సరిగ్గా దూలం కిందే కుర్చీ వేసి కాఫీ ఇచ్చాను. ఆయన కాఫీ తాగుతున్నంతసేపూ పైకి చూస్తూనే ఉన్నాడు, నాకు నవ్వాగలేదు. గెలిచాననే అనుకున్నాను.

నిన్న పొద్దున్న జకరయ్య మావయ్య వచ్చి, "దయామణీ, ఒకసారి వెనక్కి రా," అన్నాడు. తెల్లటి ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆకు కూడా కదలడం లేదు.

తాటిచెట్టు తలలో, మట్టల కింద, పలుపులు వేలాడుతున్నాయి. గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఒక్కోదానికీ కింద మనిషి దూరేంత ఉచ్చు. కొన్ని పిల్లల కొలతకి. ఆ ఎండలో వాటినుంచి నీళ్ళు కారుతున్నాయి. ముడులు కింద నుంచే తెలుస్తున్నాయి, అన్నీ ఎదురు.

ఫోన్లో వాతావరణం చూశాను. వాయుగుండం లేదు, అల్పపీడనం కూడా లేదు. సాయంత్రం రావాల్సిన గెస్టులకి మాత్రం ఫోన్ చేసి, మోటారు పాడైంది, ఇంకోసారి రండని చెప్పాను. నేను వెళ్ళను. చెట్టెక్కడం నాకు వచ్చు.

"కోసేద్దామా? నిచ్చెన తేనా?" అన్నాడు మావయ్య.

కోసేద్దామనే నోరు తెరిచాను. "ఉండనీ మావయ్యా," అన్నాను.

ఆయన కారుతున్న చుక్కని అరచేతిలో పట్టి, నాలుకకి రాసుకున్నాడు. నా వైపు చూడలేదు. ఇంటికెళ్ళి, తన గేదెల మెడల్లో పలుపులు ఒక్కోటీ విప్పడం మొదలుపెట్టాడు.