మంచు కొండ మీద అంజీరు

"ఓ సారూ! ఆ చెట్టు మీ నాయనమ్మ పెట్టిందా?"

వెనుక నుంచి ఆ గొంతు వినబడగానే మధు చేతిలోని కత్తెర జారి కింద పడింది. వరంగల్ బజారు వెనుక సందులో, స్కూటీ సీటు మీద నిలబడి, గోడ దాటి బయటికి వంగిన అంజీరు కొమ్మను పట్టుకొని ఉన్నాడతను. కింద పాల ప్యాకెట్లతో ఒక అమ్మాయి. ఇంకా జడ వేసుకోలేదు. జనవరి ఎండ పడి ఆమె జుట్టు అంచులు రాగి రంగులో మెరుస్తున్నాయి.

"అంటే... ఎండిపోయిన కొమ్మే కదా అని..."

"ఎండిపోయిందా?" ఆమె ఒక రెమ్మను కిందికి వంచి గోటితో గీకింది. బెరడు కింద పచ్చగా కనబడింది. "సలికి ఆకు రాల్చింది. పండుకున్నది, అంతే. సచ్చిపోలే."

"నాకు తెలుసు. ఇట్ల పండుకున్నప్పుడు కోస్తేనే కొమ్మ నాటుకుంటది. అందుకే ఇప్పుడొచ్చిన."

"అబ్బో! అంటే తెలిసే దొంగతనం చేస్తాన్రు!"

మధు స్కూటీ దిగాడు. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. తమది కేసముద్రం దగ్గర పల్లె అనీ, హిమాచల్ కొండల్లో ఒక సర్కారు బడిలో లెక్కలు చెబుతాననీ, చలికాలం సెలవులకు వచ్చాననీ గబగబా చెప్పాడు.

"నా క్వార్టర్‌కు ఒక రాతి గోడ ఉన్నది. పొద్దంత దక్షిణం ఎండ కాస్తది. సాయంత్రం చెయ్యి పెడితే రొట్టె పెనం లెక్క వెచ్చగుంటది. అక్కడ మన దిక్కు చెట్టొకటి పెడ్దామని."

"మంచు పడదా?"

"పడ్తది. మోకాళ్ల దాక."

"మోకాళ్ల దాక మంచుల మా చెట్టును నిలబెడ్తరా?"

"గోడ చూసుకుంటది. గడ్డి చుట్టి గోనెసంచి కడ్త."

ఆమె కింద పడ్డ కత్తెర తీసుకొని, తనే మూడు కొమ్మలు ఏటవాలుగా కోసి, తడి గోనెగుడ్డలో చుట్టి ఇచ్చింది.

"మీ నంబర్ చెప్పున్రి. బతికినయో లేదో నాకు తెల్వాలె."

"కొమ్మల గురించేనా?"

"మరి సారు గురించా?" అంటూ లోపలికి పోయి దర్వాజ వేసుకుంది. లోపల ఆమె నవ్వు వినబడింది. ఆ నవ్వును మధు కాజీపేట నుంచి ఢిల్లీ దాకా రైల్లో వెంట తీసుకుపోయాడు.

ఆ అమ్మాయి పేరు యమున. ఆమె నాన్న పాండురంగానిది బజార్లో కిస్మిస్, బాదం, ఎండు అంజీరు అమ్మే దుకాణం. ముందు దుకాణం, వెనుక ఇల్లు. మధ్యాహ్నాలు యమునే గల్లాలో కూర్చుంటుంది.

మూడు కొమ్మల్లో రెండు వేసవి రాకముందే పోయాయి. మూడోది చిగురు వేసిన రోజు మధు ఫోటో పంపాడు. బూడిద రంగు రాతి గోడ, దాని ముందు పిల్లి చెవంత ఆకు. వెనుక నీలం కొండలు, ఆ వెనుక మరింత లేత నీలం కొండలు.

యమున ఆ ఫోటో చూస్తూ బాదం అడిగినామెకు పిస్తా తూచి ఇచ్చింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం పొద్దున వీడియో కాల్. మధు ఫోన్‌ను చెట్టు ముందు పెట్టి తను వెనుక నిలబడేవాడు. అతని నోట్లోంచి పొగలాగా ఊపిరి వచ్చేది.

"జర పక్కకు జరుగున్రి సారూ, చెట్టు కనబడ్తలేదు" అనేది యమున.

అతను పక్కకు జరిగేవాడు.

"అంత జరగమన్ననా?" అనేది మళ్లీ.

ఒక ఆదివారం సారు పోయి మధు అయ్యాడు. ఇంకో ఆదివారం మీరు పోయి నువ్వు వచ్చింది. ఎవరు ముందు అన్నారో ఇద్దరికీ గుర్తు లేదు.

మరుసటి జనవరిలో మధు తన తల్లి బక్కమ్మను వెంటబెట్టుకొని పిల్లను అడగడానికి వచ్చాడు. పాండురంగం మర్యాద తెలిసిన మనిషి. చాయ్ తాగించాడు, జీడిపప్పు పెట్టించాడు. కాదు అనే మాట మాత్రం నోటితో అనలేకపోయాడు.

"పిలగాడు మంచోడే అక్కా. నాకు ఆ సలితోనే ఫికర్. నా బిడ్డ ఎన్నడు వరంగల్ దాటి ఉండలే" అని కిటికీలోంచి చెట్టు వైపు చూశాడు. "ఆ చెట్టు మా అమ్మ పెట్టింది. దాని కొమ్మ అక్కడ ఉన్నదట కద. అది ఆ మంచుకు తట్టుకొని ఒక్క పండు పండనియ్యున్రి. అప్పుడు అడగున్రి, ఇస్త."

"నేను చెట్టునా బాపూ?" అంది యమున లోపలి నుంచి.

"మధ్యల నువ్వు మాట్లాడకు బిడ్డా."

"నా పెండ్లే కదా, మధ్యల నేను గాక ఎవరు ఉంటరు?"

బక్కమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మధు మాత్రం నవ్వలేదు. "పండు తెస్త అంకుల్" అన్నాడు.

ఆ సంవత్సరం చెట్టు మనిషి భుజం దాకా పెరిగింది. అక్టోబర్ వచ్చేసరికి కొమ్మలకు నిమ్మకాయంత పచ్చి కాయలు, కొసల్లో బఠాణీ గింజంత పిందెలు. వీడియోలో అవి చూసి యమున ఎగిరి గంతేసింది.

"ఇగ విను. కొసకున్న పిందెలన్ని గిల్లెయ్. బలమంత పెద్ద కాయలకు పోతది. మా ఇంట్ల ఏటా నేను చేసేది అదే. చూడు, ఎంత తియ్యగ ఊరుతయో!"

మధు ఒక్క క్షణం ఆగాడు. "అన్నీ గిల్లాల్నా?"

"ఒక్కటి ఉంచద్దు."

గిల్లేశాడు.

డిసెంబర్‌లో మంచు పడింది. గడ్డి, గోనెసంచి చుట్టినా పెద్ద కాయలు నల్లబడి, మెత్తబడి, ఒక్కొక్కటే రాలిపోయాయి. చెట్టు బతికింది. వేసవిలో గొడుగంత ఆకులు వేసింది. జూన్ వచ్చినా కాయ మాత్రం లేదు.

ఇట్లా ఎందుకైందని యమున ఫోన్లో వెతికి వెతికి, చలి దేశాల వాళ్లు అంజీరు పెంచే పద్ధతి ఒకటి చూసింది. అక్కడ చలికాలం ముందు తీసేయాల్సింది పెద్ద కాయల్ని. పిందెలే మంచును ఓర్చుకొని, వచ్చే వేసవికి పండవుతాయట. తను చెప్పింది దానికి సరిగ్గా తలకిందులు.

ఆ రోజు ఆమె అన్నం తినలేదు. తన పెండ్లి పండును తన నోటితోనే గిల్లించింది.

జూలైలో వాన సెలవులకు మధు వచ్చాడు. పొద్దటి నుంచి ముసురు. దుకాణం రేకుల మీద చినుకుల చప్పుడు. గొడుగు మూసి, తడిసిన చొక్కాతో, ఖాళీ చేతులతో పాండురంగం ముందు నిలబడ్డాడు.

"పండు కాలే అంకుల్. తప్పు నాది."

"కాదు బాపూ, నాది!" యమున లోపలి నుంచి ఉరికొచ్చింది. "పిందెలు గిల్లుమని నేనే చెప్పిన. మన వరంగల్ లెక్క మంచుకు చెప్పిన. ఆయనకేం తెల్సు?"

మధు తల వంచుకున్నాడు. "నాకు తెలుసు."

"ఏం తెల్సు?"

"గిల్లొద్దని. బడిల ముసలి తోటమాలి ముందే చెప్పిండు, పిందెలే ఉంచాలని."



"తెలిసీ ఎందుకు గిల్లినవ్?" అంది యమున.

"నువ్వు అంత సంబరంగ చెప్తివి. కాదనబుద్ధి కాలే."

యమున కండ్లు నిండాయి. కోపమో ప్రేమో ఆమెకే తెలియలేదు. "నీకు అకల్ ఉన్నదా మధూ? మన ఇద్దరి బతుకు ఆ పిందెల మీద ఉన్నదని తెల్వదా? ఈ చెట్టు నాకు తెల్సు, ఆ మంచు నీకు తెల్సు. నేను తప్పు చెప్తే తప్పని చెప్పాలె. అన్నిటికి ఊ కొట్టే మొగడు నాకెందుకు?"

మొగడు అనే మాట నోరు జారింది. యమున నాలుక కరుచుకుంది.

మధు నెమ్మదిగా తలెత్తాడు. "సరే. అయితే ఇప్పుడే ఒకటి చెప్త. ఆ రోజు సందుల నువ్వు కోసిచ్చిన కొమ్మల్ల రెండు మరీ సన్నగున్నయ్. అందుకే పోయినయ్."

"ఏందీ!"

తలుపు దగ్గర నిలబడి అంతా వింటున్న యమున తల్లి పద్మ పక్కున నవ్వింది. "ఏమయ్యా, విన్నవా? ముప్పై ఏండ్ల సంది నేను ఒక్క మాట చెప్తే నువ్వు వినలే. నువ్వు తప్పు చేస్తే నేను అనలే. వీండ్లు చూడు, వినుడు, అనుడు రెండు చేస్తాన్రు."

"ఇప్పుడు నా ముచ్చటెందుకే?" అన్నాడు పాండురంగం.

"నీ ముచ్చటే మరి. పండు కావాలన్నవ్. ఒక పిలగాడు వచ్చి కాలే అని నిజం చెప్పిండు. బజార్ల కొనుక్కొచ్చి, ఇదే అంటే నువ్వు కనిపెడ్తువా?"

పాండురంగం గల్లా ముందున్న ఎండు అంజీరు దండను చేత్తో సవరించాడు. ఆయన రోజూ పట్టుకునే సరుకే. ఏది ఏ చెట్టుదో ఆయనకూ తెలియదు.

"ఆ ఇంట్లకు ఎండ ఎన్ని గంటలకు వస్తది?" అని అడిగాడు చివరికి, మధు వైపు చూడకుండానే.

"పదింటికి అంకుల్. కొండ దాటి వస్తది. వచ్చిందంటే నాలుగింటి దాక ఎటూ పోదు."

"అప్పటిదాక?"

"కుంపటి ఉంటది."

"రగ్గులు ఎన్ని ఉన్నయ్?"

"రెండు."

"రెండేనా?" పాండురంగం లేచి నిలబడ్డాడు. "పద్మా, గొడుగు తే. హనుమకొండ పోదాం. మంచి రగ్గులు అక్కడ దొరుకుతయ్. ఏమయ్యా మధూ, నువ్వు నడువు, ఏది వెచ్చగుంటదో నీకే కదా తెల్సేది."

ముగ్గురూ వానలో ఆటో ఎక్కారు. యమున గల్లాలో ఒక్కతే కూర్చుంది. ఎవరో వచ్చి పావుకిలో కిస్మిస్ అడిగారు. ఆమెకు వినబడలేదు. మనసులో అప్పటికే, ఎన్నడూ చూడని ఆ కొండ ఇంటి ముందు, వెచ్చటి రాతి గోడకు వీపు ఆనించి, పదింటి ఎండ కొండ దిగి వస్తుంటే కండ్లు మూసుకొని కూర్చొని ఉందామె.