పసుపు కట్టిన తాబేలు

డబ్బా నిండా పోసిన పసుపు వారం తిరక్కుండా ఎలా మాయమైందని అప్పాయమ్మ, తాను ముట్టనేలేదని ఆమె భర్త తాతబాబు. యారాడలోని ఆ జాలరి ఇంటికి డిటెక్టివ్ అనూరాధ, సహాయకుడు వాసు చేరేసరికి తగువు ముదిరిపోయింది. హార్బరులో ట్రాలర్ అనే పెద్ద మరపడవ మీద పనిచేసే కొడుకు మోహన్ పొద్దున్నే ఇంటికొచ్చి, అన్నం ముట్టకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు.

డిటెక్టివుకి కబురు పెట్టింది తాతబాబే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన చచ్చిన తాబేలు రెక్కకు పసుపు తాడు ఉంది. వలలో పడ్డ తాబేలును కూర్మనాథుడిగా తలచి, పసుపు తాడు కట్టి వదలడం ఊళ్ళో ఆ ఒక్క ఇంటి ఆచారం. అందుకే తాబేలును చంపింది తాతబాబు వలేనన్నారు ఊరి పెద్దలు. సాయంత్రంలోగా కాదని రుజువు చేసుకోకపోతే పడవ సముద్రంలో దింపకూడదన్నారు.

అనూరాధ అతని వల చూసింది. సన్నని తెల్ల దారం. పడవలోని పూజపెట్టె తెరిపించింది. నూలు ఉండ, పసుపు పొట్లం విప్పకుండా ఉన్నాయి. అక్కణ్ణించి ఒడ్డు వెంట నడిచింది.

రాళ్ళ మలుపు తిరగ్గానే వాసు కాళ్ళు ఆగిపోయాయి. ఇసుక పొడవునా చచ్చిన తాబేళ్ళు. దేనికీ గాయం లేదు. తాడున్నది ఒక్కదానికే. అనూరాధ ఆ తాడును గోటితో గీకింది. పసుపు కింద ఆకుపచ్చ నైలాన్ బయటపడింది.

తిరిగొచ్చి ఇంటిల్లిపాదినీ అరుగు మీద కూర్చోబెట్టింది.

“తాబేలు ఊపిరికి పైకి రావాలి. గంటలకొద్దీ నీటి అడుగున ఈడ్చే వలలో పడితే గాయం లేకుండానే చస్తుంది. ఇన్నింటిని చంపడం తాతబాబుగారి చిన్న వల వల్ల కాదు. ఆయనైతే నూలు దారం కట్టేవారు. ఇది ట్రాలర్ వల తాడు. కట్టింది మాత్రం ఈ ఇంటి మనిషే. ట్రాలర్ వలలో తాబేలు బయటపడే తలుపు ఒకటుంటుంది కదా, మోహన్?”

మోహన్ తల దించుకున్నాడు. ఆ తలుపులోంచి రొయ్యలు జారిపోతున్నాయని ట్రాలర్ నడిపే డ్రైవరు కుట్టేయమన్నాడట. ఆకుపచ్చ తాడుతో తనే కుట్టాడు.

“మరి ఒక్కదానికే కట్టినావేట్రా?” అన్నాడు తాతబాబు.

“అదొక్కటే కదిలినాది అయ్యా. బతుకుద్దనుకున్నాను.”

అప్పాయమ్మ ఖాళీ డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. “డబ్బా పసుపంతా పట్టుకెళ్ళినావే. ఎన్ని తాబేళ్ళు పడతాయనుకున్నావురా?”

వాసు తల పక్కకు తిప్పుకున్నాడు.

తాతబాబు లేచి, భుజం మీద తువ్వాలు సర్దుకున్నాడు. నింద పోయిన మనిషి మొహంలా లేదది.

“పెద్దల కాడికి ఇద్దరం ఎల్తాం. ఆడి నోటితో ఆడే సెప్తాడు. పడవ మాత్రం ఈ ఏడు నాను దింపను” అన్నాడు నెమ్మదిగా, అందరికీ వినిపించేలా. “తాడు ఎవలదైనా, కుట్టిన సెయ్యి మనింటిదే కదా.”