పోర్ట్‌బ్లెయిర్ దాటాకే పేలాలి

"పోర్ట్‌బ్లెయిర్ నుంచి కార్‌నికోబార్‌కి సుమారు రెండువందల డెబ్బై కిలోమీటర్లు. మన చిన్న విమానానికి గంటలోపు ప్రయాణం. ఆ గంటలోపే దాన్ని సముద్రంలో కూల్చేస్తారట," అన్నాడు చీఫ్ నరసరాజు ఫోన్‌లో.

"ఎవరు సార్?" అడిగాడు ఏజెంట్ చంద్రకాంత్.

"విదేశీ ముఠా. రాడార్ బాగుచేసే నలుగురు సైంటిస్టులు పోర్ట్‌బ్లెయిర్‌లో ఎక్కుతారు. వాళ్లే టార్గెట్. హైదరాబాద్ నుంచి అదే విమానంలో పటాన్‌చెరు ఫ్యాక్టరీలో చేసిన రాడార్ పార్టు వెళ్తోంది. బాంబు ఆ పెట్టెలోనే ఉండొచ్చు. కానీ అనుమానం మీద సీలు విప్పనివ్వరు. రుజువు పట్టు."

శుక్రవారం ఉదయం చంద్రకాంత్ సేఫ్టీ ఆఫీసర్ వేషంలో ఫ్యాక్టరీ యార్డులో నిలబడ్డాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ కెమెరా ఫోటోలు తీయదు గానీ జేబు నిండా ఇంకు కక్కుతుంది.

క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ వేషంలో వర్ష వచ్చింది. ముఠాలో మన మనిషి అని చీఫ్ మురిసిపోయే అందగత్తె. ఆమె విదేశీ సెంటు పటాన్‌చెరు కెమికల్ కంపు ముందు అప్పుడే ఓడిపోయింది.

"కొల్లూరులో నీళ్లొస్తున్నాయా?" అంది.

"ఇంకా ట్యాంకరే," అన్నాడు. కోడ్ కలిసింది.

వర్ష పెట్టె తనిఖీ చేసి, తన చేత్తోనే సీలు వేసింది. పెట్టె వ్యానెక్కింది. డ్రైవర్ లింగం మాత్రం తాపీగా చాయ్ తాగుతున్నాడు.

"బండి తియ్యవేందయ్యా?" అడిగాడు చంద్రకాంత్.

"రాహుకాలం షురువైంది సార్. కొత్త మాల్ ఇప్పుడెట్ల కదుల్తది? పన్నెండు దాటినంక పోదాం. మా సేఠ్ ప్లేనోళ్లకు ఫోన్ చేసి ఆపిండు."

చంద్రకాంత్‌కి ఒళ్లు మండింది. శత్రువు శాటిలైట్లతో వస్తుంటే మనవాళ్లు పంచాంగం పట్టుకు కూర్చున్నారు! ఈ దరిద్రాన్ని చూసి వర్షైనా నవ్వుతుందని అటు తిరిగాడు. ఆమె మొహంలో నెత్తురుచుక్క లేదు.

"గంటన్నర లేటా? కుదరదు! వెంటనే కదలండి!"

"జెర చాయ్ తాగుండ్రి మేడం," అన్నాడు లింగం.

"అయితే పెట్టె మళ్లీ తెరవాలి. టెంపరేచర్ చూడాలి," అంటూ వ్యానెక్కి తలుపు వేసుకుంది.

ఇందాక చూసి సీలు వేసింది తనే కదా! అప్పుడు వెలిగింది చంద్రకాంత్‌కి. విమానం గంటన్నర ఆలస్యమైతే బాంబు పోర్ట్‌బ్లెయిర్ చేరకముందే పేలుతుంది. సైంటిస్టులు అందులో ఉండరు. అందుకే టైమర్ మార్చాలి.

తలుపు లాగాడు. వర్ష చేతిలో బాంబు.

"ఎన్ని లెక్కలు కట్టినవమ్మా! దీవికి దీవికి దూరం నెట్‌ల చూసుకున్నవ్. ఫ్లైట్ టైమ్ కట్టినవ్. శుక్రవారం పటాన్‌చెరుల బండి ఎప్పుడు కదుల్తదో ఒక్కన్ని అడగకపోతివి. థూ!" అన్నాడు చంద్రకాంత్.

ఆమె పళ్లు కొరికి బటన్ నొక్కింది. బాంబు అతని మీదకి విసిరి దూకేసింది. తెరమీద పది... తొమ్మిది... బ్యాటరీ లాగబోతే ఇరుక్కుపోయింది. గోరు విరిగింది. పళ్లతో పీకాడు. అంకె ఒకటి దగ్గర ఆగింది.

బయట లింగం చేతులు చాచి గేటుకి అడ్డం నిలబడ్డాడు.

"ఏడికి మేడం? పన్నెండు కాలే!"

సెక్యూరిటీవాళ్లు ఆమెని పట్టుకున్నారు.

"శభాష్! ఏ టెక్నాలజీతో పట్టావయ్యా?" ఫోన్‌లో చీఫ్ పొంగిపోయాడు.

చంద్రకాంత్ లింగం ఇచ్చిన చాయ్ ఒక గుక్క తాగాడు.

"పూర్తిగా స్వదేశీ, సార్."